అడుగూరులో ఊపిరి లెక్క

నవంబరు 18
ఉదయం, గదిలో: నాడి 72, ఊపిరి 14.
సాయంత్రం, వంటశాలలో: నాడి 74, ఊపిరి 14.

ఈ రోజు నుంచి ఇది రాయాలి. ఫిజియాలజీ చెప్పే హైమావతి మేడమ్ మా నలుగురు విద్యార్థులకూ తలా ఒక నోటుబుక్కు ఇచ్చారు. దాని పేరు ఒంటి చిట్టా. రోజుకు రెండుసార్లు, నిమిషానికి నాడి ఎంత, ఊపిరి ఎంత, ఎక్కడ కూర్చుని లెక్కపెట్టామో రాయాలి. మిగిలిన పేజీ మా ఇష్టం. సముద్రం పైనున్న మనిషి చదివినా అర్థమవ్వాలి, అంతే.

"నాడి ఎవరిది వాళ్ళు చూసుకోండి" అన్నారు మేడమ్. "ఊపిరి మాత్రం పక్కవాళ్ళు లెక్కపెట్టాలి, మీకు తెలియకుండా. ఎవరో చూస్తున్నారంటే ఊపిరి వేషాలు వేస్తుంది."

నా ఊపిరిని నా గదిలో ఉండే పైడి లెక్కపెడుతుంది. పుస్తకం తెరిచానంటే నాకు చుట్టుపక్కల ఏం జరుగుతున్నా తెలియదు, కాబట్టి తనకు సులువు. తన ఊపిరి లెక్కపెట్టడమే కష్టం. అది ముందు మాట్లాడడం ఆపాలి.

సాయంత్రం బోర్డు మీద నోటీసు పెట్టారు. జనవరి నుంచి మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పాఠాలు ఉండవట. కొత్తగా చేరేవాళ్ళు మొదటి రోజు నుంచే వార్డులో పెట్టె పక్కన కూర్చుంటారట. డిసెంబరు 12న పైనున్న విద్యామండలి ఆమోదిస్తే, 14న మేడమ్ పైకి వెళ్ళిపోతారు.

పెట్టె అంటే వార్డులో జబ్బు పేరు చెప్పే యంత్రం. దానికి పెద్ద పేరే ఉంది కానీ ఎవరూ పిలవరు. రోగి మాట వింటుంది, రక్తం చుక్క చూస్తుంది, గదుల్లో ఉన్న గాలి మీటర్లు ఏం చెబుతున్నాయో చూస్తుంది, పేరు చెబుతుంది. దాదాపు ఎప్పుడూ సరిగ్గానే చెబుతుంది.

నోటీసు దగ్గర ప్రిన్సిపాల్ సన్యాసిరావు గారు, మేడమ్ ఎదురుపడ్డారు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"పెట్టెకి తెలిసినవన్నీ మళ్ళీ పిల్లల బుర్రలో ఎందుకండీ? రెండు చోట్లా దండగ" అన్నారు సార్.

"పెట్టె చెప్పింది ఎక్కడో ఓ చోట పడాలి కదండీ. ఖాళీ బుర్రలో పడితే మోగుతుందంతే" అన్నారు మేడమ్.

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. వార్డులో రోగి ముందు నాకు మాట పెగలదు. ఈ చదువు మొత్తంలో నాకు సరిగ్గా వచ్చేది ఆ ఫిజియాలజీ గంట ఒక్కటే.

నవంబరు 21
ఉదయం, గదిలో: నాడి 70, ఊపిరి 14.
సాయంత్రం, వంటశాలలో: నాడి 76, ఊపిరి 15.

పై మనిషికి: అడుగూరు సముద్రంలో ముప్ఫై మీటర్ల కింద ఉంది. ఇక్కడ గాలి పైకన్నా నాలుగింతలు ఒత్తుకుని ఉంటుంది. పైకి వెళ్ళాలంటే ఎక్కే గదిలో రెండు రోజులు కూర్చుని ఆ ఒత్తిడిని కొంచెం కొంచెంగా వదిలించుకోవాలి. తొందరపడితే రక్తంలో బుడగలు పుడతాయి. అందుకే జబ్బు చేసినవాళ్ళను చటుక్కున పైకి తీసుకెళ్ళడం కుదరదు. అందుకే ఇక్కడ ఒక చిన్న మెడికల్ కాలేజీ ఉంది.

గాలిలో చాలా భాగం హీలియం. అది మన గొంతును బాతు గొంతు చేస్తుంది. వచ్చిన కొత్తలో, స్కూల్లో సిస్టర్ నేర్పిన ప్రార్థన చదువుకుంటే నాకే నవ్వాగలేదు. దేవుడు కూడా నవ్వే ఉంటాడు. ఒకందుకు ఇది మంచిదే. ప్రిన్సిపాల్ గారి గొంతు, నా గొంతు ఇక్కడ ఒకలాగే ఉంటాయి.

హీలియం ఒంట్లో వేడిని కూడా లాగేసుకుంటుంది. ఊరంతా ఎప్పుడూ శాలువాలు కప్పుకునే ఉంటుంది. అన్నిటికన్నా వెచ్చని చోటు వంటశాల. అందుకే సాయంత్రాలు పైడి, నేను అక్కడికి పోయి ఉల్లిపాయలు తరుగుతాం. తరగడం అయ్యాక నేను మూలన కూర్చుని చదువుకుంటాను. వంటశాల పెద్ద వాసుపల్లి నూకాలు పిన్ని ఏమీ అనదు. ఇక్కడ టీ పైకన్నా చాలా ఎక్కువ వేడి మీద మరుగుతుంది. ఊదుకుని తాగకపోతే నాలుక పోతుంది. ఆవిడ నా గ్లాసు ముందే పోసి చల్లార్చి పెడుతుంది.

గోడకు ఒక గాలి కన్నం ఉంది. అన్ని గదుల్లోనూ ఉంటుంది. మనం వదిలిన గాలి సున్నపు గదికి వెళ్ళి శుభ్రమై ఈ కన్నంలోంచి తిరిగి వస్తుంది, చల్లగా. ఆ చలి ఎవరికీ పడదు. అడుగూరులో ఏ గదికి వెళ్ళినా కన్నంలో ఏదో ఒక గుడ్డ కుక్కి ఉంటుంది. వంటశాలలో అయితే ఏకంగా బొంత. కాసేపటికి గాలి మీటరు కూస్తుంది. ఎవరో ఒకరు తిట్టుకుంటూ బొంత లాగుతారు. కూత ఆగాక మళ్ళీ కుక్కుతారు. రోజుకు పది పన్నెండుసార్లు. ఎవరికీ ఇది తప్పని తోచదు. తలుపు వేసి తీసినట్టే.

నిన్న వంటశాలలో పాత మీటరు చెడిపోయింది. పైనుంచి సామాన్లతో పాటు వచ్చిన కొత్తది పెట్టారు. నున్నగా, తెల్లగా, పచ్చ దీపంతో ఉంది.

"ఇది మర్యాదస్తురాలమ్మా" అంది నూకాలు పిన్ని దాన్ని పైటచెంగుతో తుడుస్తూ. "పొద్దున్నుంచి నోరెత్తనేదు. ఆ ముసల్దుంది సూడు, నా అత్త కన్నా ఎక్కువ సాధించీది."

వంటశాలలో ఉన్న ఆరుగురూ నవ్వారు. ఆరు బాతుల నవ్వు. చాలా బాగుంటుంది.

నవంబరు 27
ఉదయం, గదిలో: నాడి 72, ఊపిరి 14.
సాయంత్రం, వంటశాలలో: నాడి 86, ఊపిరి 19.

సముద్రంలో చలి ప్రవాహం మొదలైంది. గోడలు చల్లబడ్డాయి. బొంతను ఇప్పుడు తీయడం లేదు. తీయమని అడిగేవాళ్ళూ లేరు.

నాలుగు రోజులుగా నూకాలు పిన్ని వంట చేస్తూ పాడడం లేదు. రోజూ వల లాగే పాట పాడుతుంది, మిగతా అయిదుగురూ అందుకుంటారు. ఈ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. అడిగితే కసురుకుంది. తర్వాత పిలిచి నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

"తల పగిలిపోతంది గుంటా. నీ మీద కోపం కాదు."

గుంట అంటే వాళ్ళ యాసలో ఆడపిల్ల. మిగతావాళ్ళకూ తలనొప్పేనట. నాకూ రోజూ సాయంత్రం నుదురు బరువుగా ఉంటోంది. చిన్న అక్షరాల పుస్తకాలు. కళ్ళజోడు మార్చుకోవాలి.

డిసెంబరు 1
ఉదయం, గదిలో: నాడి 70, ఊపిరి 14.
సాయంత్రం, లైబ్రరీలో: నాడి 72, ఊపిరి 14.

ఈ రోజు వార్డులో నా వంతు. నూకాలు పిన్ని వచ్చింది. వరసలో అరగంట కూర్చుంది. నేను ఫైలు పట్టుకుని పెట్టె పక్కన నిలబడ్డాను.

"తలనొప్పి ఎప్పటినుంచి?" పెట్టె అడిగింది. దానికి ఒక్కదానికే ఊళ్ళో మనిషి గొంతు ఉంది.

"పది దినాలయ్యింది. ఒంటింట్లో కూకున్న కొద్దీ ఎక్కువవుతాది. ఊపిరందదు. గుండె దడదడలాడతాది."

"ఇప్పుడు ఎలా ఉంది?"

"ఇక్కడికొచ్చి కూకున్నాక తేలికైనాది."

పెట్టె రక్తం చుక్క చూసింది. బాగుంది. వంటశాల మీటరు చూసింది. పచ్చ దీపం. తర్వాత చెప్పింది: "గాలిలో దోషం లేదు. రక్తంలో దోషం లేదు. వైద్యుల దగ్గరికి రాగానే నెమ్మదించింది. ఇది లోతు భయం. రోగిని తదుపరి ఎక్కే గదిలో పైకి పంపవలెను. తిరిగి రాకూడదు."

నూకాలు పిన్ని లేచి నిలబడింది.

"బయమా? నాకా? ఓలమ్మో! నా అయ్య తెప్ప మీద పుట్టినాను నాను. ఈ ఊర్లో మొట్టమొదటి అన్నం ఒండింది నాను. పదకొండేళ్ళు! సముద్రం నన్ను సూసి బయపడాల గానీ..."

పెట్టె వినలేదు. అప్పటికే తర్వాతి పేరు పిలిచింది. తదుపరి ఎక్కే గది అంటే 14న. మేడమ్ వెళ్ళే గదే.

పిన్ని నా వైపు చూసింది. ఏదైనా చెబుతానేమోనని. పెట్టె మాటల్లో ఒకటి నాకు ముల్లులా గుచ్చుకుంది: రాగానే నెమ్మదించింది. ఎందుకు? అడగాలనుకున్నాను. అడిగితేనే మాట్లాడాలని స్కూల్లో పదేళ్ళు నేర్పారు నాకు. నన్నెవరూ అడగలేదు. ఫైలు మూసేశాను.

డిసెంబరు 4
ఉదయం, గదిలో: నాడి 71, ఊపిరి 13.
సాయంత్రం, వంటశాలలో: నాడి 90, ఊపిరి 22.

మేడమ్ ఏడాదికి ఒక్క అగ్గిపుల్ల గీస్తారు. దానికి ప్రిన్సిపాల్ గారి సంతకం కావాలి. ఈ ఏడాది పుల్ల ఈ రోజు గీశారు. ఇదే ఆఖరిది కావచ్చని అందరికీ తెలుసు.

పుల్ల తల భుస్సుమంది. కర్ర అంటుకోలేదు. ఆరిపోయింది.

"ఎందుకు ఆరింది?"

"ఆక్సిజన్ చాలక మేడమ్" అంది పైడి. "పైన వందకి ఇరవై ఒక్క వంతులు. ఇక్కడ ఆరే."

"అగ్గిపుల్ల చచ్చిపోయింది. అదే గాలి పీలుస్తూ మీరెందుకు చావలేదు?"



"మేం మొండివాళ్ళం మేడమ్" అంది పైడి.

మేడమ్ కూడా నవ్వారు. తర్వాత బోర్డు మీద రెండు అంకెలు వేశారు. ఆరు, నాలుగు.

"మంట వంతు అడుగుతుంది. ఊపిరితిత్తులు ఒత్తిడి అడుగుతాయి. వందకి ఆరు వంతులే, కానీ ఇక్కడి గాలి నాలుగింతలు ఒత్తుకుని ఉంది. ఆరు నాలుగులు ఇరవై నాలుగు. మీ ఊపిరితిత్తులకి పైన ఉన్నట్టే ఉంది, కాస్త ఎక్కువే. అందుకే బతికున్నారు. వంతు ఒక్కటే చూసి గాలి మంచిదనీ చెడ్డదనీ చెప్పకండి. ఎన్నింతల ఒత్తిడిలో ఉందో అడగండి. ఏ వాయువైనా సరే."

'ఏ వాయువైనా సరే' కింద రెండు గీతలు గీసుకున్నాను. ఎందుకో తెలియదు.

కాలిన పుల్ల మేడమ్ నాకిచ్చారు. ఈ పేజీలో అంటించాను.

డిసెంబరు 6
ఉదయం, గదిలో: నాడి 72, ఊపిరి 14.
సాయంత్రం, లైబ్రరీలో: నాడి 70, ఊపిరి 14. (తర్వాత ఎక్కువయ్యే ఉంటుంది. పైడి లెక్కపెట్టలేదు.)

చిట్టా రేపు మేడమ్‌కు చూపించాలి. నీట్‌గా ఉండాలని స్కేలు పెట్టి పేజీ మధ్య గీత గీసి, గదీ లైబ్రరీ ఊపిరి అంకెలు కొన్ని ఎడమవైపు, వంటశాలవి కొన్ని కుడివైపు ఎక్కించాను.

ఎడమవైపు: 14, 14, 13, 14, 14.
కుడివైపు: 14, 15, 17, 19, 21, 22.

కాసేపు చూస్తూ కూర్చున్నాను. నాకు నుదురు బరువెక్కిన సాయంత్రాలన్నీ కుడివైపే ఉన్నాయి. కళ్ళజోడు రెండు వైపులా ఒకటే.

నాకూ లోతు భయమా? కానీ లైబ్రరీ కూడా అదే లోతులో ఉంది.

లేచి వంటశాలకు వెళ్ళాను. తెల్ల మీటరు దగ్గరికి పోయి మొదటిసారి సరిగ్గా చదివాను. బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్: వందకు 0.7 వంతు. పచ్చ దీపం. తర్వాత వసారాలో ఉన్న పాత రకం మీటరు చూశాను. అందులో వందకు అన్న మాటే లేదు. అది ఒత్తిడి కొలుస్తుంది. ఊళ్ళో మీటర్లన్నీ అంతే. ఈ ఒక్కటీ పైవాళ్ళ ఇళ్ళ కోసం చేసింది. వంతు కొలుస్తుంది. పైన అయితే ఆ పచ్చ దీపం నిజమే.

పరుగెత్తుకుంటూ మేడమ్ గదికి వెళ్ళాను. స్కూల్లో పరుగెత్తితే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు.

"మేడమ్, వంటశాల గాలి..."

"నన్నడక్కు అమలా" అన్నారు మేడమ్. పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటున్నారు. "నువ్వే చెప్పు."

"0.7 నాలుగులు 2.8. పైన వందకి దాదాపు మూడు వంతులు బొగ్గుపులుసు వాయువు పీల్చినట్టు. అది రక్తంలో పెరిగితే మెదడు ఊపిరిని తొందరపెడుతుంది. తలలో రక్తనాళాలు ఉబ్బుతాయి, తలనొప్పి. నాడి పెరుగుతుంది. మంచి గాలిలో కూర్చుంటే నిమిషాల్లో సర్దుకుంటుంది. అందుకే పిన్ని వార్డుకి వచ్చేసరికి... రక్తం బాగానే ఉంది. భయం కాదు మేడమ్. బొంత."

"ఏ బొంత?"

చెప్పాను. మేడమ్ చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. తర్వాత అట్టపెట్టె మీదే కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన ఆవిడ బాతులా నవ్వుతుంటే నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆవిడ లేచి తన గది కన్నంలో కుక్కిన పాత స్వెట్టరు లాగేశారు.

డిసెంబరు 7
ఉదయం, గదిలో: నాడి 88, ఊపిరి 18 (కంగారు).
సాయంత్రం, వంటశాలలో, బొంత తీసిన అరగంటకు: నాడి 74, ఊపిరి 15.

మేడమ్ తోడు వస్తానంటారనుకున్నాను. "నీ రోగి నీది" అన్నారు. పైడిని తీసుకెళ్ళాను.

వంటశాలలో ఆరుగురూ వంకాయలు తరుగుతున్నారు. వాళ్ళకు తెలియకుండా ఊపిరి లెక్కపెట్టాం. 22, 21, 23, 20, 22. నూకాలు పిన్నిది 24. రాసుకున్నాక నేను తిన్నగా వెళ్ళి కన్నంలోంచి బొంత లాగేశాను.

"ఓలె ఓలె! సలి గాలొచ్చీస్తంది, మూసీ!" ఆరు గొంతులు ఒకేసారి.

"మూయను" అన్నాను.

నా గొంతు అంత పెద్దగా వస్తుందని నాకు తెలియదు. అందరూ కత్తిపీటల మీద నుంచి తలెత్తారు.

"ఏటే పైడీ, ఈ గుంటకి నోరుందేటి?" అంది నూకాలు పిన్ని.

"మొన్నే వొచ్చింది పిన్నీ, పై నుంచి సామాన్లతో" అంది పైడి.

నవ్వారు. ఆ నవ్వులో నాకు ధైర్యం వచ్చింది. కూర్చుని చెప్పాను, పుస్తకంలో ఉన్నట్టు కాదు. మనం వదిలే గాలి బొంత వల్ల బయటికి పోవడం లేదని, మీరు తలుపులేసుకుని ఒకరి ఊపిరి ఒకరు తాగుతున్నారని, పాత మీటరు సాధించింది అందుకేనని. కొత్త మీటరు పైవాళ్ళ లెక్క చెబుతోందని, ఇక్కడ దాన్ని నాలుగింతలు చేసుకోవాలని.

"అయితే నాను బయపడనేదు" అంది పిన్ని.

"లేదు పిన్నీ."

"అది సాలు. ఇంక సలైతే సలైంది."

అరగంట ఆగాం. పైడి శాలువా తెచ్చి అందరి మీదా తలా కాసేపు కప్పింది. మళ్ళీ లెక్కపెట్టబోతే నూకాలు పిన్ని ఒప్పుకోలేదు. ఎలా లెక్కపెట్టాలో తమకే నేర్పమంది. నాలుగు నిమిషాల్లో ఆరుగురూ ఒకరి పొట్ట మీద ఒకరు చేయి వేసి, వంకాయ ముక్కలు పక్కన పెడుతూ లెక్కించారు. ఒక ఊపిరికి ఒక ముక్క.

"పదారు!"

"నాకు పదేను. నీ సెయ్యి సల్లగుందే, తియ్యీ!"

నూకాలు పిన్ని ముందు పదహారు ముక్కలు. ఆవిడ తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది, నొప్పి ఎక్కడ దాక్కుందో వెతుకుతున్నట్టు. మూకుడు కరెంటు పొయ్యి మీద పెట్టి వల లాగే పాట ఎత్తుకుంది. అయిదుగురూ అందుకున్నారు. పైడి కూడా. నేను పెదవులు కదిపాను.

డిసెంబరు 12
ఉదయం, గదిలో: నాడి 94, ఊపిరి 20.
సాయంత్రం: రాయలేదు. అందరూ నా చుట్టూ ఉన్నారు.

విద్యామండలి పైనుంచి తెర మీద కనిపించింది. ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు. మేము ప్రిన్సిపాల్ గారి గదిలో. పైవాళ్ళతో మాట్లాడేటప్పుడు మన గొంతు సరిచేసే యంత్రం ఒకటుంది. మేడమ్ నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. నేను నమస్కారం అన్నాను. నాలుగు నెలల తర్వాత నా గొంతు నాకు వినిపించింది. సన్నగా ఉంది.

చిట్టా పేజీ చూపించి జరిగింది చెప్పాను. అధ్యక్షురాలు శ్రద్ధగా విన్నారు.

"చాలా బాగా చేశావమ్మా. కానీ ఒక మీటరు మారిస్తే తీరిపోయే పని కదా ఇది? దాని కోసం ఏడాది పాఠాలెందుకు?"

అది మంచి ప్రశ్న. నేను రాత్రంతా దాని గురించే ఆలోచించాను.

"మీటరు మార్చేశాం మేడమ్. నిన్న పెట్టెను కూడా అడిగాను. మీటరు వంతు చెబుతోంది, మనం నాలుగింతల ఒత్తిడిలో ఉన్నాం, ఇప్పుడు నూకాలు గారికి ఏమైంది అని. మాట పూర్తికాకుండానే సరైన జవాబు చెప్పింది. దానికి తెలుసు. ఆ రోజు నేను దాని పక్కనే నిలబడ్డాను. అడగాల్సింది నేను. నాకప్పటికి ఆ పాఠం కాలేదు. మూడు రోజుల తర్వాత అయింది. జనవరిలో వచ్చేవాళ్ళకి ఎప్పటికీ కాదు."

ఇంతకన్నా ఎక్కువ నేను ఎప్పుడూ మాట్లాడలేదు. గది తలుపు తెరుచుకుంది. నూకాలు పిన్ని, వెనక అయిదుగురు. వడ్డించే వేళ కూడా కాదు.

"ఎవరమ్మా మీరు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు, రోజూ ఆవిడ చేతి అన్నం తింటూనే.

"బయపడిన మనిసిని బాబూ. ఆ పెద్దమ్మని ఓ ముక్క అడిగీసి ఎలిపోతాను." యంత్రం ముందు వంగి అడిగింది: "తల్లీ, నీ ఊపిరెంత?"

అధ్యక్షురాలు పక్కవాళ్ళను చూశారు. "తెలియదమ్మా" అన్నారు.

"మా ఆరుగురికీ తెలుసు. ఈ గుంట నేర్పినాది. ఈ గుంటకి ఆ మేడమ్మ నేర్పినాది. ఆయమ్మని పంపీసి ఆ పెట్టెని ఉంచుతారంట. పెట్టె నాకు బయమన్నాది. సర్లే, దాని తప్పు కాదు, ఈ గుంట సెప్పినాది. కానీ దాన్ని అడిగీవోళ్ళు ఉండాల గదా తల్లీ."

మండలిలో ఒకాయన నవ్వు దాచుకున్నారు. ప్రిన్సిపాల్ గారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. అప్పుడు పైడి వెనక నుంచి అంది:

"సార్‌ది ఇరవై మూడు మేడమ్. ఇప్పుడే లెక్కపెట్టీసాను. ఆయన గదిలో కన్నానికి ఏమీ అడ్డం లేదు. ఆయనది భయమే."

అందరికన్నా ముందు నవ్వింది ప్రిన్సిపాల్ గారే. అది నేను మర్చిపోను.

మండలి గంటసేపు తమలో తాము మాట్లాడుకుంది. తర్వాత చెప్పారు. ఆ మూడు సబ్జెక్టుల పాఠాలు ఇక మొదటి ఏడాదిలోనే అయిపోవు. నాలుగేళ్ళకూ పంచుతారు. ప్రతి వారం ఒక పూట, వార్డులో, రోగి పక్కనే. పెట్టె జబ్బు పేరు చెప్పాక, ఎందుకో విద్యార్థి చెప్పాలి. చెప్పలేకపోతే పేరు ఖాయం కాదు. నూకాలు గారి ఫైలులో ఉన్న పేరు కొట్టేశారు. హైమావతి గారు ఇక్కడే ఉంటారు.

మేడమ్ బయటికి వచ్చాక సణిగారు. "నా తరగతి గది తీసేశారు చూడు. అరవై ఏళ్ళొచ్చాక నాలుగు క్లాసుల పిల్లల వెంటా వార్డులో తిరగాలి. మోకాళ్ళు..." సణుగుతూనే వేగంగా నడిచి వెళ్ళి అట్టపెట్టెల్లోంచి పుస్తకాలు తీయడం మొదలుపెట్టారు. నేను అందిస్తుంటే ఒక్కొక్కటీ అలమరలో పెట్టారు. అగ్గిపెట్టె పై అరలో.

డిసెంబరు 14
ఉదయం, గదిలో: నాడి 70, ఊపిరి 14.
సాయంత్రం, వంటశాలలో: కింద చూడండి.

ఎక్కే గది ఇద్దరు మనుషులు లేకుండానే వెళ్ళింది. వాళ్ళ బదులు ఎండు రొయ్యల బుట్టలు, తెల్ల మీటరు వెళ్ళాయి. మీటరు మీద నూకాలు పిన్ని ఒక చీటీ అంటించమంది. నేను రాశాను: 'మంచిదే. పైన వాడుకోండి.'

సాయంత్రం వంటశాలకు వెళ్ళేసరికి కన్నం తెరిచే ఉంది. చల్లని గాలి. బొంతను ఆరు ముక్కలు చేసి అంచులు కుట్టుకున్నారు. ఆరుగురూ భుజాల మీద కప్పుకుని ఉన్నారు. ఏడో ముక్క ఒకటి నా మూలలో, చల్లారిన టీ గ్లాసు పక్కన ఉంది. ఆరు ముక్కలు చేస్తే ఏడోది ఎలా వచ్చిందని అడిగాను. నూకాలు పిన్ని తన ముక్క కొసలు చూపించింది. మిగతావాళ్ళ ముక్కల కన్నా పొట్టిగా ఉంది.

కప్పుకుని చదువుకున్నాను. పైడి ఈ రోజు నా ఊపిరి లెక్కపెట్టలేదు. తన వంతు ఇంకొకరు తీసుకున్నారట. నేను పుస్తకంలో ఉండగా ఈ నోటుబుక్కు నా పక్క నుంచి మాయమై మళ్ళీ వచ్చింది. కింద ఉన్న చేతిరాత నాది కాదు. అక్షరాలు పెద్దవి, గీతల మీద నిలబడలేదు. కొట్టివేతలు కూడా ఉన్నాయి. నేను దిద్దలేదు.

అమల ఊపిరి 14. లెక్కెట్టినది వాసుపల్లి నూకాలు.
నా ఊపిరి 15. పైడి లెక్కెట్టింది.
తలనొప్పి నేదు. సలుంది. పాట పాడినాను.